ఒక్క ముఖమే కనపడాలి

ప్రొటాసియో న్కోలె వేలిని తలుపు ఒప్పుకోలేదు.

మంగళవారం పొద్దున ఏడుంపావు. రాగి గనుల ఊరు ముఫులిరాలో బ్యాంకు వెనక తలుపు. పక్కన గోడకు నల్ల పెట్టె. దాని మీద వేలు పెడితే పచ్చ దీపం వెలుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఆస్ట్రిడా కలూబా పెట్టింది. పచ్చ దీపం. ఆమె వెనకే న్కోలె పెట్టాడు. ఎర్ర దీపం. వేలు చొక్కాకు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. ఎర్రదే.

"పెద్దన్నా, పొద్దుగాలనే పల్లీలు నలుపుకుంట వచ్చినవా ఏంది? వేలికి నూనె అంటినట్టుంది" అంది లవ్‌నెస్. ఇరవై ఆరేళ్ల పిల్ల. కాంట్రాక్టు మీద ఉంది. నోరు ఊరుకోదు.

నలుగురు నవ్వారు. న్కోలె కూడా నవ్వి ఎడమచేతి వేలు పెట్టాడు. ఎర్రదే.

కాపలా ఆక్సన్ దగ్గరికొచ్చాడు. నేల చూస్తూ మాట్లాడాడు.

"సారూ, మీరు పక్కకు జరగాలె. మీ పేరు తీసేసిన్రు. ఇప్పుడే ఫోన్ల వచ్చింది."

"ఎవరు తీసిన్రు?"

"తెల్వది సారూ. పేరు లేదు, అంతే."

న్కోలె ఆ బ్యాంకులో పెద్ద క్యాషియరు. యాభై రెండేళ్లవాడు. ఇరవై ఏడేళ్లుగా ఆ తలుపులోంచే పోతున్నాడు. ఆక్సన్‌ను ఆ కొలువులో పెట్టించింది ఆయనే. ఆక్సన్ ఆయన ముఖం చూడకుండా మిగతావాళ్లను లోపలికి పంపాడు. ఆస్ట్రిడా లోపల నిలబడి వెనక్కి తిరిగింది. ఏదో అనబోయింది. తలుపు దానంతటది మూసుకుంది.

లోపల పొద్దుటి పాఠం మొదలైంది. జనానికి తలుపులు తీసేముందు అందరూ గుండ్రంగా నిలబడాలి. మేనేజరు అడగాలి, అందరూ ఒక్క గొంతుతో జవాబు చెప్పాలి. పదకొండేళ్లుగా అవే మాటలు. ఒక్క మాట తప్పినా మొదటి నుంచి చెప్పించేవారు.

"మీ ఎదురుగా ఉన్నది ఎవరు?" అన్నాడు మేనేజరు గివెన్ సంపా. ముప్పై ఒకటి వయసు. రాజధాని లుసాకా నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది.

"మా ఇంటికి వచ్చిన చుట్టం!"

"చుట్టానికి కోపం వస్తే?"

"తప్పు మాది! ఓపిక మాది!"

"తోటివాడు వెనకబడితే?"

"వాడి పని నా పని!"

గుండ్రంలో న్కోలె నిలబడే చోటు ఖాళీగా ఉంది. ఎవరూ జరిగి పూడ్చలేదు. ముందు వైపు అద్దం బయట న్కోలె కనపడ్డాడు. చుట్టూ తిరిగి వచ్చినట్టున్నాడు. అద్దానికి అవతల ఆయన పెదవులు కదులుతున్నాయి. ఆయనా పాఠం చెబుతున్నాడు. ఆస్ట్రిడా చూసి తల దించుకుంది.

బయట డబ్బు తీసుకునే మిషను ముందు అప్పుడే జనం. టమాటాలమ్మే ముసలామె న్కోలె చేయి పట్టుకుంది. "నాయనా, ఇది నా పైసలు మింగుతది. నువ్వు పెట్టు."

న్కోలె పెట్టాడు. అలవాటు పోదు కదా. ఆరు నెలలుగా ఆయన పని అదే. పసుపు చొక్కా వేసి మిషను పక్కన నిలబెట్టారు. వచ్చినవాళ్లకు మిషను నేర్పాలి, ఫోనులో బ్యాంకు నేర్పాలి. వారానికి యాభై మంది టార్గెట్. న్కోలె పన్నెండు వందల మందికి నేర్పాడు. కౌంటర్లో కూర్చునే ఆస్ట్రిడా కూడా ఆరు వందల మందికి నేర్పింది. అందరూ నేర్పారు. ఎవరి గొయ్యి వాళ్లే తవ్వుకున్నారని ఇప్పుడు లోకం అంటుంది. తవ్వేటప్పుడు అది బావి అని చెప్పి తవ్వించారు. ఆ సంగతి ఎవరూ అనరు.

గివెన్ బయటికొచ్చాడు. "న్కోలె గారూ, దయచేసి వెళ్లండి. ఉద్యోగి కానివాళ్లు మిషను దగ్గర ఉండకూడదు."

"ఆయనను పంపిస్తే నువ్వొచ్చి నేర్పు" అంది టమాటాల ముసలామె. "నీకంటె ఆ మిషనే నయం. అది పైసలు మింగుతదే గాని మనుషులను మింగదు."

గివెన్ ఆక్సన్ వైపు చూశాడు. ఆక్సన్ న్కోలె మోచేయి పట్టుకుని రోడ్డు దాకా నడిపించాడు. పసుపు చొక్కా విప్పి ఇమ్మన్నాడు. అది బ్యాంకుదట. న్కోలె బనీనుతో ఇంటికి నడిచాడు.

మధ్యాహ్నం అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి.

కౌంటర్ కొలువులు, గుమాస్తా కొలువులన్నీ రద్దు. ముఫులిరాలో ఇరవై ముగ్గురు, పొద్దున పేరు పోయిన న్కోలెతో కలిపి. ఇక అక్కడ ఐదు కుర్చీలే ఉంటాయి. అవి కూడా బ్యాంకువి కావు, లుసాకాలో ఒక ఏజెన్సీవి. పదకొండు నెలల కాంట్రాక్టు. కావాలనుకున్నవాళ్లు ఫోనులో దరఖాస్తు పెట్టుకోవాలి. మనుషులెవరూ ఇంటర్వ్యూ చెయ్యరు. ఫోను ఐదు ప్రశ్నలు అడుగుతుంది. తెల్లగోడకు ఆనుకుని దాని ఎదుట ఒక్కరే కూర్చుని జవాబు చెప్పాలి. ముఖం చూసి, మాట విని, ఎవరికి ఎన్ని మార్కులు వెయ్యాలో మిషనే వేస్తుంది.

సాయంత్రం కంకోయో బస్తీలో కలిశారు. గని కార్మికుల పాత బీరు హాలు అది. ఇప్పుడు ఆదివారాలు చర్చి. ఆ రోజు గని పొగ కిందికి దిగింది. గంధకం గొంతులో గీరుతోంది. కిటికీలు మూసి, దగ్గుతూ కూర్చున్నారు.

"యూనియన్ ఆయనకు ఫోన్ చేసిన" అన్నాడు ఎవరిస్టో. అప్పుల సెక్షన్లో గుమాస్తా. పెద్ద పొట్ట. "సంప్రదింపులు జరుగుతున్నయట."

"నాలుగేండ్ల సంది అవే జరుగుతున్నయి" అంది లవ్‌నెస్. "బిడ్డ పుట్టి బడికి పోతుండె ఈపాటికి."

న్కోలె లేచాడు. "నేను చెప్పేది ఒక్కటే. ఎవ్వరం దరఖాస్తు పెట్టొద్దు. ఇరవై ముగ్గురం పెట్టకపోతే ఆ ఐదు కుర్చీలల్ల ఎవరిని కూసోబెడతరు?"

"బయట పిల్లలను కూసోబెడతరు. డిగ్రీలు పట్టుకొని మామిడిపండ్లు అమ్మినట్టు తిరుగుతున్నరు."

"వాళ్లకు పని ఎవరు నేర్పాలె? మనమే. నేర్పం."

"జనానికి మిషన్లు నేర్పినప్పుడు ఏడవాయె పెద్దన్నా ఈ తెలివి?"

న్కోలె ముఖం వాడిపోయింది. అన్నాడు: "అప్పుడు లేదు బిడ్డా. నిజమే. గోడకు తలకాయ తగిలినంక వచ్చింది."

ఎవరిస్టో గొణిగాడు. "నాకు నలుగురు పిల్లలు."

"నాకు నలుగురు లేరని చెప్పి నాకు ఆకలి కాదా?" అంది లవ్‌నెస్.

"ఐదుగురికన్న దొరుకుతది కదా. అందరం మునుగుడెందుకు?" అని వెనక నుంచి ఎవరో.

"ఏ ఐదుగురు? పేర్లు చెప్పు. లేచి వేలు పెట్టి చూపెట్టు."

ఎవరూ లేవలేదు. ప్రతివాడి మనసులోనూ ఆ ఐదుగురిలో తానున్నాడు. ఆ మాట నోటితో అనడానికి ఎవరికీ ముఖం చెల్లలేదు.

ఆస్ట్రిడా వేళ్ల మీద లెక్క వేస్తోంది. ఆమెకు నలభై నాలుగు. పందొమ్మిదేళ్ల కొలువు. మొగుడు పోయాడు. కూతురు లొంబే న్డోలాలో నర్సు చదువుతోంది, ఇంకో ఏడాదిన్నర ఉంది. ఇంట్లో తండ్రి, గనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాడు. ముగ్గురూ ఆ ఒక్క కౌంటరు మీదే బతుకుతున్నారు. ఆమె అదే ఆలోచిస్తూ ఉంది.

చివరికి పులిసిన మొక్కజొన్న గంజి తెప్పించారు. ఒకే గిన్నె చేతులు మారింది. తాగినవాళ్లు తలా ఒక మాట ఇచ్చారు: పెట్టను. గిన్నె ఆస్ట్రిడా దగ్గరికి వచ్చింది. తాగింది. "పెట్టను" అంది.

బుధవారం ఇంకా సూర్యుడు రాకముందే ఆస్ట్రిడా ఇంటి వెనక్కి వెళ్లింది.

కంకోయోలో ఆ పొగకు ఏదీ బతకదు. మామిడి చెట్లు, అవకాడో చెట్లు తప్ప. వాటి కింద ఇంటి వెనక గోడ తెల్లగా ఉంది. నీళ్ల డ్రమ్ము మీద ఫోను నిలబెట్టి, గోడకు ఆనుకుని స్టూలు మీద కూర్చుంది. బ్యాంకు కోటు వేసుకుంది. కింద ఇంట్లో కట్టుకునే చితెంగే గుడ్డే ఉంది. ఫోనులో అది కనపడదు.

ఆడగొంతు పలికింది. ఏ ఊరి గొంతో తెలియదు. "ముఖం చట్రంలో ఉంచండి. మీరు ఒక్కరే ఉండాలి. నవ్వండి."

నవ్వింది.

తలుపు కిర్రుమంది. తండ్రి బొనిఫాస్ దొడ్డికి పోవడానికి బయటికొచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. కూతురి వెనక నడిచాడు.

"ఒకటి కంటే ఎక్కువ ముఖాలు కనిపిస్తున్నాయి. ఒక్క ముఖమే కనపడాలి. మళ్లీ మొదలుపెట్టండి."

ముసలాయన ఆగాడు. ఫోను చూశాడు. పైన కోటు, కింద చితెంగే గుడ్డ చూశాడు. నిన్నటి గంజి గిన్నె సంగతి ఆయనకు తెలుసు. బస్తీ అంతా తెలుసు. ఏమీ అనకుండా పక్కకు తప్పుకున్నాడు.

ఏదన్నా అనుంటే బాగుండు అనుకుంది ఆస్ట్రిడా.

"కోపంగా ఉన్న ఖాతాదారుతో మీరెలా మాట్లాడతారు? నలభై సెకన్లు."

అంకెలు తగ్గిపోతున్నాయి. నలభై. ముప్పై ఎనిమిది. పందొమ్మిదేళ్లలో ఎందరి కోపం చూసింది! జీతం పడలేదని కౌంటరు అద్దాన్ని గుద్దిన గని కూలీని కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. చెప్పుకుంటే పొద్దుగూకేదాకా చెప్పొచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు. ముప్పై. ఇరవై ఆరు. నోరు దానంతటది తెరుచుకుంది.

"ఖాతాదారు మా ఇంటికి వచ్చిన చుట్టం. చుట్టానికి కోపం వస్తే తప్పు మాది, ఓపిక మాది."

గలగలా వచ్చేసింది. మిగతా నాలుగూ అట్లాగే వచ్చేశాయి. ఫోను ధన్యవాదాలు చెప్పింది. ఆస్ట్రిడా కోటు విప్పి, స్టూలు మీదే చాలాసేపు కూర్చుంది.

ఆ రోజంతా బ్యాంకులో ఎవరి కళ్లలోకీ చూడలేదు. ఎవరూ ఆమె కళ్లలోకీ చూడలేదు. అది ఆమె గమనించలేదు.

గురువారం పొద్దున ఏడింటికి ఫోను మోగింది. మూడు వాక్యాలు.

మీ జవాబులు మరొక అభ్యర్థి జవాబులతో అక్షరం అక్షరం కలిశాయి. ఇది మోసంగా భావించబడుతుంది. మీ పేరు తొలగించబడింది.

గడప పట్టుకుని నిలబడింది. తన మాటలు ఎవడు దొంగిలించాడు? ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే మాట తప్పినట్టు బయటపడుతుంది. దొంగకు తేలు కుట్టినట్టయింది. నోరు మూసుకుని కొలువుకు పోయింది. పచ్చ దీపం వెలిగింది. ఎన్ని రోజులు వెలుగుతుందో.

అందరూ గుండ్రంగా నిలబడ్డారు. ఎవరి కళ్లు చూసినా ఎర్రగా ఉన్నాయి. గని పొగ వల్లే అనుకోవచ్చు.

"మీ ఎదురుగా ఉన్నది ఎవరు?" అన్నాడు గివెన్. ఆయన గొంతు కూడా నీరసంగా ఉంది.

"మా ఇంటికి..."

"దొంగలు!" అంది లవ్‌నెస్. "నా ఎదురుంగ ఉన్నది దొంగలు! ఏ కుక్క నా మాటలు అమ్ముకున్నదో ఇప్పుడే ముందుకు రావాలె!"

"ఏం మాటలు?" అన్నాడు ఎవరిస్టో.

"నా జవాబులు! ఎవరియో కలిసినయట!"

"అంటే నువ్వు పెట్టినవన్నట్టు." ఎవరిస్టో ముందుకొచ్చాడు. "గంజి గిన్నె నా చేతికిచ్చింది నువ్వే కదనే! మూతి ఇంకా తుడుసుకోకముందే పెట్టినవు! ఛీ! నాయి కలవడానికి నువ్వే..."

నాలుక కరుచుకున్నాడు.

"నీయి కలిసినయా?" అంది లవ్‌నెస్ మెల్లగా.

ఎవరిస్టో పొట్ట ఒక్కసారి లోపలికి పోయింది. ఆస్ట్రిడా ఆ ఇద్దరినీ చూసింది. ఇప్పుడు ఊరుకుంటే ఊరుకున్నట్టే ఉండొచ్చు. ఆ ఇద్దరే దొంగలైపోతారు. ఒక్క క్షణం అదీ అనుకుంది.

"నేను గూడ పెట్టిన" అంది. "నిన్న పొద్దుగాల. నాయి గూడ కలిసినయి."

తర్వాత ఇంకో చేయి లేచింది. ఇంకోటి. తిజోరీ గదిలో పనిచేసేవాళ్లు. దస్తావేజులు చూసే పెద్దామె. గుండ్రం చుట్టూ చేతులు లేచాయి. ఒక్కరు కూడా మిగల్లేదు.

"అందరం పెట్టినమా? తలా ఒక గోడ ఎతుక్కొని?" అంది లవ్‌నెస్.

"మరి కాపీ కొట్టింది ఎవరు?"

"ముందు నువ్వేం చెప్పినవో చెప్పు."

"ఏం చెప్తా... ఖాతాదారు మా ఇంటికి వచ్చిన..."

"చుట్టం" అన్నారు అటు నలుగురు.

"చుట్టానికి కోపం వస్తే..."

"తప్పు మాది, ఓపిక మాది" అన్నారు అందరూ.

ఎవరో ముందు నవ్వారు. తర్వాత ఆ నవ్వు పట్టుకుంది. పదకొండేళ్లు రోజూ పొద్దున్నే నిలబెట్టి బ్యాంకు నూరిపోసింది. ఇంకో మాట నోటికి రాకుండా చేసింది. ఇప్పుడు బ్యాంకు పెట్టిన మిషనే అది విని దొంగలన్నది. దస్తావేజుల పెద్దామె కళ్లనీళ్లు తుడుచుకుంది. అది నవ్వో ఏడుపో ఆమెకే తెలియదు.

గివెన్ నవ్వలేదు. గోడకు ఆనుకున్నాడు. "నాది కూడా కొట్టేసింది" అన్నాడు. "మేనేజర్లను కూడా పెట్టుకోమన్నారు."

"పాఠం చెప్పిన పంతులు గూడ ఫెయిలే" అంది లవ్‌నెస్.

గురువారం మధ్యాహ్నం లుసాకా నుంచి ఇంకో కబురు వచ్చింది. దయతో చివరి అవకాశం ఇస్తున్నారట. శుక్రవారం పన్నెండు గంటలలోగా మళ్లీ చెప్పాలి. సొంత మాటల్లో. ఒక్కొక్కరుగా. ఎవరి లింకు వాళ్ల ఫోనుకు పంపారు, అది ఒక్కసారే పనిచేస్తుంది. పన్నెండు దాటితే ఆ ఐదు కుర్చీలూ బయటివాళ్లకే. బయట నాలుగు వందల మంది పిల్లలు ఇప్పటికే పెట్టుకున్నారు.

సాయంత్రం బీరు హాలులో మొన్నటికంటే జనం ఎక్కువ. బస్తీ వాళ్లు కూడా వచ్చారు. బొనిఫాస్ కర్ర పట్టుకుని వెనక బల్ల మీద కూర్చున్నాడు. గంజి గిన్నె సంగతి అందరి మధ్యా కూర్చుంది.

న్కోలె నిలబడ్డాడు. రెండు రోజుల్లో మనిషి చిక్కిపోయాడు.

"మీరు మీరు తిట్టుకున్నరట. తిట్టుకోవద్దు. నేను మంగళవారం మధ్యాహ్నమే పెట్టిన. ఈడికి రాకముందే. బనీను మీద పాత చొక్కా ఏసుకొని పెట్టిన. పెట్టొచ్చి మిమ్మల్ని పెట్టొద్దన్న."

ఎవరో ఉమ్మారు. "వా పెద్దన్నా! మంచిగ చెప్పినవు పాఠం!"

"మీరు పెట్టకపోతె నాకొకటి దొరుకుతదనుకున్న." న్కోలె రెండు చేతులూ కిందికి వదిలేశాడు. "ఇరవై ఏడేండ్ల తర్వాత బనీను మీద నడిపిచ్చిన్రు. మనిషి మెదడు ఎటు పోతదో చెప్పలేం. కొడితే కొట్టున్రి."

కొట్టడానికి లేచిన ఎవరిస్టో మళ్లీ కూర్చున్నాడు. ఎవరి చేయి శుభ్రంగా ఉందని కొట్టాలి?

అప్పుడు బొనిఫాస్ దగ్గుతూ లేచాడు. ఆయన మీటింగుల్లో మాట్లాడి ఇరవై అయిదేళ్లయింది.

"గని అమ్మినప్పుడు బయట మూడు వేల మందిమి ఉన్నం" అన్నాడు. "బల్ల లోపల ఏసిన్రు. ఒక్కొక్కన్ని పిలిచిన్రు. లోపలికి పోంగ పోంగ ఒక్కన్ని. ఎదురుంగ కొలువు ఇడుస్తున్నట్టు కాగితం. బయటోళ్లు సంతకం పెట్టిన్రో లేదో తెల్వది. అడగనియ్యరు. పెట్టిన. బయటికొచ్చి చూస్తె అందరు పెట్టిన్రు."

ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు.

"మూడు వేల మందిమి ఒక్కటేసారి ఆ అర్రల జొరబడితే ఆ బల్ల ఏమయ్యేదో. గదే తెల్వదు నాకు."

మళ్లీ దగ్గు వచ్చింది. కూర్చున్నాడు.

ఆస్ట్రిడాకు నీళ్ల డ్రమ్ము మీద ఫోను గుర్తొచ్చింది. నాయన వెనక నడిచినప్పుడు అది ఆగిపోయింది. ఐదు ప్రశ్నలకు ఆగనిది, ఒక ముసలాయన ముఖం కనపడితే ఆగిపోయింది.

"దానికి ఇద్దరు మనుషులు చేతగాదు" అంది లేచి. "మా నాయన అడ్డం వస్తే చాతగాక మళ్లీ మొదలుపెట్టమన్నది. మనం ఇరవై ముగ్గురం కూసుందాం. ఒక్క ఫోను ముంగట. బ్యాంకు హాల్ల. పన్నెండు దాకా."

"కూసుంటే ఏమైతది? పన్నెండు దాటితే కొలువు పాయె."

"ఇరవై ముగ్గుర్ల పద్దెనిమిది మందికి ఎట్లైన పాయె. మిగిలిన ఐదుగురికి పదకొండు నెలల తర్వాత పోతది. అప్పుడు ఐదింట్ల రెండు చేస్తరు. మళ్ల గోడ ఎతుక్కుంటం."

"ఎవరి ఫోను? ఎవరి లింకు?" అని అడిగాడు ఎవరిస్టో. "దాని మీద చేస్తే వాళ్ల చివరి చాన్సు కాలిపోతది."

మళ్లీ అందరూ కాళ్ల వంక చూసుకున్నారు. ఆస్ట్రిడా లొంబేను తలుచుకుంది.

"నాది."

ఈసారి గిన్నె తిప్పలేదు. ఒట్లు పెట్టుకోలేదు. ఏం చెప్పాలో మూడు మాటలు మాత్రం అనుకున్నారు.

శుక్రవారం పదకొండు గంటలకు కౌంటర్ల కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. కుర్చీలు హాలు మధ్యకు వచ్చాయి. ముందు వరస కూర్చున్నారు, వెనక వరస నిలబడ్డారు, ఫుట్‌బాల్ జట్టు ఫోటో దిగినట్టు. న్కోలె ముందు తలుపులోంచి ఖాతాదార్లతో కలిసి వచ్చాడు. ఆక్సన్ ఆపాలి. ఆక్సన్ బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. చాలాసేపు కట్టుకున్నాడు.

ఆస్ట్రిడా ఫోను కౌంటరు చివర గట్టు మీద పెట్టారు.

"ముఖం చట్రంలో ఉంచండి. మీరు ఒక్కరే ఉండాలి. నవ్వండి."

ఎవరూ నవ్వలేదు.

"ఒకటి కంటే ఎక్కువ ముఖాలు కనిపిస్తున్నాయి. ఒక్క ముఖమే కనపడాలి. మిగతావారు తొలగిపోవాలి."

"ఇరవై మూడున్నయి. మంచిగ లెక్కపెట్టుకో తల్లీ" అంది లవ్‌నెస్. క్యూలో జనం నవ్వారు.

న్కోలె చేయెత్తాడు. అందరూ చెప్పారు.

"మా కొలువులు మాకియ్యాలె! ఏజెన్సీ వద్దు! మా సంగతి మిషన్ కాదు, మనుషులొచ్చి మాట్లాడాలె!"

"ఒక్క ముఖమే కనపడాలి" అంది ఫోను.

మళ్లీ చెప్పారు. అది మళ్లీ అన్నది. టమాటాల ముసలామె బుట్ట దించి చివరి కుర్చీ పక్కన కూర్చుంది. "నా ముఖం గూడ చూపెట్టున్రి దానికి. నా పైసలు తిన్నది." మార్కెట్ ఆడవాళ్లు ఇంకొందరు చేరారు. బయట గోడ పక్కన ముప్పై మంది పిల్లలు ఫైళ్లు పట్టుకుని నిలబడి అద్దంలోంచి చూస్తున్నారు. పన్నెండు దాటితే వాళ్లలో ఐదుగురిని సోమవారం నుంచి పెట్టుకుంటామని ఏజెన్సీ వాళ్లు కాగితాలతో రమ్మన్నారు.

పదకొండుంపావుకు పోలీసు బండి వచ్చింది. సార్జెంటు చిసెంగా లోపలికొచ్చి కౌంటరు మీద ఒక కాగితం పరిచాడు. పెన్ను తీశాడు.

"ప్రొటాసియో న్కోలె ఎవరు? బ్యాంకు మనిషి గాక బ్యాంకుల జొచ్చినందుకు కంప్లెయింట్. మిగతావాళ్లు లేచి పనికి పోండి. మీ మీద ఏం లేదు."

న్కోలె ముందుకొచ్చాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు చేతులు పట్టుకున్నారు. వరసల్లో కదలిక వచ్చింది. ఎవరిస్టో సగం లేచాడు. గడియారం చూశాడు. సగం లేచి ఎటూ పోలేక అట్లాగే ఉన్నాడు. వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్లు ఫోన్లు తీసి గోడ వైపు జరిగారు.

గివెన్ ఆస్ట్రిడా కుర్చీ పక్కన మోకాళ్ల మీద వంగాడు. చెవిలో మాట్లాడాడు.

"అక్కా, లుసాకా నుంచి మీ పేరు మీద కొత్త లింకు తెప్పించాను. నా గదిలో తెల్లగోడ ఉంది. పది నిమిషాలు. ఐదు మంచి పేర్లు పంపితే నన్ను ఉంచుతామన్నారు. మీది మొదటి పేరు. లొంబే చదువు ఆగదు. వీళ్లు ఎట్లాగూ పోయారక్కా. మీరు కూడా ఎందుకు?"

అతను అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు తెలుసు. అతని కళ్లలో తడి ఉంది. అతనికీ పిల్లలున్నారు.

గడియారం పదకొండు నలభై.

ఆస్ట్రిడా లేచింది. కుర్చీ చప్పుడైంది. లవ్‌నెస్ తలెత్తి చూసింది. జీవితంలో మొదటిసారి ఆ పిల్లకు మాట రాలేదు. గివెన్ గది తలుపు తీసి పట్టుకున్నాడు. లోపల గోడ నిజంగానే తెల్లగా ఉంది. ముందు ఒక కుర్చీ ఉంది. ఒక్కటే కుర్చీ.

ఆస్ట్రిడా దాని వైపు మూడడుగులు వేసింది. తర్వాత కౌంటరు వైపు తిరిగింది.

"నా పేరు రాసుకోలేదు మీరు" అంది సార్జెంటుతో.

"మీరు నా లిస్టుల లేరమ్మా. పనికి పోండి."

"ఆయన నా తోటి మనిషి. ఆయన చేసిన పనే నేను చేసిన. ఫోను నాది. రాయండి. ఆస్ట్రిడా కలూబా. కంకోయో బస్తీ."

సార్జెంటు ఆమెను చూశాడు. బ్యాంకు కోటు, నెరిసిన చెంపలు. ఇష్టం లేకుండా రాశాడు. ఆయన రాత నిదానం.

ఆమె పక్కన ఒక నీడ పడింది. "లవ్‌నెస్ ముబాంగా. మంచిగ రాయి సార్జెంటూ, సర్టిఫికెట్ల మా కాలేజీలోళ్లు తప్పు రాసిన్రు."

ఆ వెనక ఎవరిస్టో. పొట్ట లోపలికి పట్టుకుని నిలబడ్డాడు. ఆ వెనక దస్తావేజుల పెద్దామె. గోడ వైపు జరిగిన ఆడవాళ్లిద్దరూ తలలు వంచుకుని వచ్చారు. వరసలో నిలబడ్డారు. ముందున్నవాళ్లు జరిగి చోటిచ్చారు. కౌంటరు చివర గట్టు మీద ఫోను ఖాళీ కుర్చీలకు ఏదో చెబుతోంది. ఎవరూ వినడం లేదు.

"అందరినీ ఎక్కించడానికి నా బండి పట్టదు" అన్నాడు సార్జెంటు.

"నడుస్తం" అన్నాడు న్కోలె. "స్టేషన్ ఎంత దూరం?"

గివెన్ తలుపు పట్టుకునే నిలబడి ఉన్నాడు. గడియారం పన్నెండు దాటింది. ఎప్పుడు దాటిందో ఆస్ట్రిడా చూడలేదు.

టమాటాల ముసలామె పేరు చెప్పింది. వయసు అడిగితే నవ్వింది. ఆమె వెనక ఫైలు గుండెలకు అదుముకుని ఒక పిల్ల నిలబడింది. బయటి నుంచి వచ్చింది. కొత్త బూట్లు.

"నువ్వెవరు?" అన్నాడు సార్జెంటు.

"కిట్వే నుంచి వచ్చిన."

"నీకీడ ఏం పని?"

"సోమవారం నుంచి ఈ అక్క కుర్చీల నన్ను కూసోబెడతరట." పిల్ల ఆస్ట్రిడా వైపు చూసింది. "పదకొండు నెలలైనంక నన్ను గూడ ఇట్లనే పంపుతరట కదా. నా పేరు గూడ రాసుకో."

"ఏందమ్మా పేరు?"

"మెమొరీ చితంబాలా."

సార్జెంటు రాశాడు. కాగితం తిప్పాడు. వెనక కూడా నిండింది. తలెత్తి చూశాడు. వరస తలుపు దాటి, మిషను దాటి, గోడ పొడుగునా రోడ్డు మీదికి పోయింది. ఫైళ్లు పట్టుకున్న పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చివర నిలబడుతున్నారు.

"ఇంకో కాగితం తేండ్రా" అని అరిచాడు కానిస్టేబుల్ మీద.